సోకకపోవడం వేరు, చావకపోవడం వేరు

ఏ దేశపు ద్రాక్ష నర్సరీ కేటలాగు తెరిచినా రూట్‌స్టాకుల (అంటుకు కింద వేరుగా వాడే తీగల) పట్టికలో ఒక గడి ఉంటుంది: ఫిలోక్సెరా నిరోధకత. దాని కింద ‘అధికం’, ‘మధ్యస్థం’, ‘తక్కువ’ అని రాసి ఉంటుంది. కొనేవాడు ‘అధికం’ అన్నదాన్ని చూసి మొక్కలు బుక్ చేసుకుంటాడు. అధికం అంటే ఏమిటి? పురుగు ఆ వేరు దగ్గరికే రాదనా, వచ్చినా దానిమీద పిల్లలు పెట్టలేదనా, పెట్టి తిన్నా తీగ చావదనా? ఈ మూడూ మూడు వేర్వేరు సంగతులు. మూడింటినీ ఒకే మాట కింద సర్దేసినందుకు పందొమ్మిదో శతాబ్దంలో ఫ్రాన్సు, ఇరవయ్యో శతాబ్దంలో కాలిఫోర్నియా గట్టిగా దెబ్బతిన్నాయి. ఆ మాట ఎక్కడ పుట్టిందో, ఎలా పెరిగిందో, ఇప్పుడు ఎక్కడికొచ్చి నిలబడిందో చూడటం ఈ వ్యాసం పని.

ముందు పురుగు సంగతి. పేనుబంకకు దూరపు చుట్టం. పసుపు రంగు, మిల్లీమీటరు పొడవు. దీన్ని మొదట శాస్త్రీయంగా వర్ణించినవాడు న్యూయార్క్ రాష్ట్ర కీటక శాస్త్రవేత్త ఏసా ఫిచ్, 1855లో. ఆయన చూసింది ఆకుల మీది బుడిపెల్లో. వేళ్ల మీద కాదు. ‘ఫిలోక్సెరా’ అన్న పేరు అప్పటికే ఉంది. ఓక్ చెట్టు ఆకుల మీద ఉండే మరో పురుగుకు 1834లో బోయే ద ఫోంకొలోంబ్ పెట్టాడు. గ్రీకులో దానర్థం ఎండిన ఆకు. ఐరోపా ద్రాక్షను చంపింది ఆకుల మీది దాడి కాదు, వేళ్ల మీది దాడి. కాబట్టి ఈ రంగంలో అందరి నోటా నానిన పేరు మొదటినుంచీ తప్పు చోటునే చూపిస్తూ వచ్చింది. ఇప్పటి శాస్త్రీయ నామం డాక్టులోస్ఫైరా విటిఫోలియే. అందులోనూ ఆకే ఉంది.

ఫ్రాన్సులో 1860ల్లో రోన్ నది దిగువ ప్రాంతాల్లో తీగలు కారణం తెలియకుండా ఎండిపోవడం మొదలైంది. ఒక చోట నాలుగు తీగలు వాడేవి, మరుసటేడు వాటి చుట్టూ వలయంలా ఇంకొన్ని. చచ్చిన తీగను పెరికితే వేళ్లు నల్లగా కుళ్లి ఉండేవి, పురుగు మాత్రం కనపడేది కాదు. 1868 జూలైలో మోంపెలియే నుంచి వృక్షశాస్త్రవేత్త ప్లాంషాన్, గాస్తోన్ బాజీల్, ఫెలిక్స్ సాహూ సేన్ మార్తాన్ ద క్రో దగ్గరి ఒక తోటకు వెళ్లారు. అక్కడ పలుగు పోటు అనుకోకుండా పచ్చగా, ఆరోగ్యంగా ఉన్న తీగ మొదట్లో పడింది. ఆ వేళ్లకు భూతద్దం పెట్టి చూస్తే పసుపు చుక్కలు బారులు తీరి కనిపించాయి. చచ్చిన వేరులో రసం ఉండదు కాబట్టి పురుగు అప్పటికే పక్క తీగకు పోయి ఉంటుంది. అన్నాళ్లూ అందరూ శవాలను తవ్వి చూశారు. ప్లాంషాన్ దానికి చివరికి పెట్టిన పేరు ఫిలోక్సెరా వాస్టాట్రిక్స్; వాస్టాట్రిక్స్ అంటే సర్వనాశనం చేసేది.

1875లో దాదాపు 8.4 కోట్ల హెక్టోలీటర్లు ఉన్న ఫ్రాన్సు వైన్ ఉత్పత్తి 1889 నాటికి సుమారు 2.3 కోట్లకు పడిపోయింది. అంతా ఫిలోక్సెరా పుణ్యమే కాకపోయినా సింహభాగం దానిదే.

మన మాట పుట్టింది ఈ గందరగోళం నడుమనే. 1869లో బోన్ పట్టణంలో జరిగిన ద్రాక్ష రైతుల సభలో బోర్డోకు చెందిన లియో లాలిమాన్ ఒక చిత్రమైన సంగతి చెప్పాడు. తన తోటలో ఐరోపా తీగలు చస్తున్నాయి, వాటి పక్కనే ఉన్న కొన్ని అమెరికా తీగలు మాత్రం పచ్చగా ఉన్నాయి. ఆ సభలోనే బాజీల్ అమెరికా వేళ్ల మీద ఫ్రెంచి కొమ్మను అంటుకట్టవచ్చన్న ఆలోచన ముందుకు తెచ్చాడు. లాలిమాన్ మీద తర్వాత ఇంకో అనుమానం కూడా పడింది: ఆ పురుగును అమెరికా తీగలతో పాటు తెచ్చింది ఆయనేనేమోనని. 1874లో ప్రభుత్వం ప్రకటించిన 3 లక్షల ఫ్రాంకుల బహుమతి తనదేనని ఆయన అడిగితే ఇవ్వలేదు. ఆయన రోగాన్ని నయం చేయలేదు, రాకుండా దారి చూపాడంతే అన్నది ప్రభుత్వ వాదనగా చెబుతారు. ఎగవేతకు మంచి సాకే. కానీ అందులో ఒక నిజం ఉంది. అమెరికా వేరు పురుగును చంపలేదు, తరమలేదు.

దీన్ని తేల్చింది మిస్సోరి రాష్ట్ర కీటక శాస్త్రవేత్త చార్లెస్ వాలెంటైన్ రైలీ. ఫిచ్ చూసిన ఆకు బుడిపెల పురుగూ, ప్లాంషాన్ చూసిన వేరు పురుగూ ఒకటేనని ఆయన 1870, 71ల్లో నిర్ధారించాడు. అంటే పురుగు అమెరికాదే. అక్కడి అడవి ద్రాక్ష వేళ్ల మీద అది ఎప్పటినుంచో బతుకుతోంది, ఆ ద్రాక్షా బతుకుతోంది. రైలీ డార్విన్ అభిమాని. తరాల తరబడి ఒకే నేలలో పురుగూ తీగా కలిసి పెరిగితే, ఓర్చుకోలేని తీగలు ఎప్పుడో పోయి, ఓర్చుకున్నవే మిగులుతాయన్నది ఆయన వివరణ. 1873లో ప్లాంషాన్ స్వయంగా అమెరికా వెళ్లి చూసి వచ్చాడు. అక్కడి వేళ్ల మీద పురుగు ఉంది, తీగకు ఏమీ కాలేదు.

కాబట్టి ఫ్రెంచివాళ్లు ‘రెజిస్టాన్స్’ అని మొదట అన్నప్పుడు వాళ్ల మనసులో ఉన్నది ఇది: పురుగు మీద ఉండగానే నిలబడటం. మన రైతు ‘తట్టుకుంటుంది’ అనేది సరిగ్గా దీనినే. అసలు పురుగు సోకకపోవడానికి వాళ్లకు వేరే మాట ఉంది, ఇమ్యూనిటే. తొలినాళ్ల రచనల్లో జాగ్రత్తపరులు ఈ రెంటినీ విడదీసే రాశారు. వ్యాపారం ఊపందుకున్నాక ఆ తేడా మసకబారింది. అటు కార్బన్ డైసల్ఫైడ్‌ను నేలలోకి సూదులతో ఎక్కించే పక్షం, ఇటు అమెరికా తీగల పక్షం. రెండోవాళ్లకు సందేహాలు లేని మాట ఒకటి కావాలి. ‘నిరోధకం’ అన్నది పురుగుకూ తీగకూ మధ్య నడిచే వ్యవహారంగా కాక, తీగ పేరుకు ముందు తగిలించే బిరుదుగా మారిపోయింది.

మొదటి దెబ్బ వెంటనే తగిలింది. 1870ల మొదట్లో మిస్సోరి నుంచి కాన్‌కార్డ్, క్లింటన్ లాంటి రకాల కొమ్మలు లక్షల్లో దిగాయి. అక్కడ బాగానే ఉన్నాయి కదా! దక్షిణ ఫ్రాన్సు ఎండలో, సున్నపు నేలల్లో వాటిలో చాలా భాగం పాలిపోయి, పురుగుకు లొంగి చచ్చాయి. కాన్‌కార్డ్‌లో ప్రధానంగా ఉన్నది లబ్రుస్కా జాతి. దాని వేరు పురుగును ఒక మోస్తరుగా మాత్రమే ఓర్చుకుంటుంది. మిస్సోరి నేలలో, మిస్సోరి చలిలో ఆ ఓర్పు సరిపోయింది. మోంపెలియేలో సరిపోలేదు. ‘అమెరికా తీగ’ అన్నంత మాత్రాన నిరోధకం కాదని తెలుసుకోవడానికి ఎంతోమంది రైతులు రెండోసారి తోట పోగొట్టుకున్నారు.

ఇక్కడినుంచి ప్రశ్న ప్రయోగశాలలోకి వెళ్లింది. మోంపెలియే వ్యవసాయ పాఠశాలలో గుస్తావ్ ఫొయెక్స్ అమెరికా వేళ్ల కణజాలం గట్టిగా, చేవదేరి ఉండటాన్ని కారణంగా చూపాడు. బోర్డోలో అలెక్సిస్ మిల్లార్డే (మన రైతులకు బోర్డో మిశ్రమం ఇచ్చినాయన ఈయనే) ఇంకాస్త లోతుకు వెళ్లాడు. ఆయన చూసినదాన్ని దగ్గరగా చూస్తే తప్ప తర్వాతి కథ అర్థం కాదు.

లేత వేరు కొసలో పురుగు మూతి గుచ్చిందనుకోండి. కొస ఉబ్బి, వంగి, పక్షి ముక్కులా కొక్కెం తిరుగుతుంది. దీనికి నొడోసిటీ అని పేరు. ఆ కొస ఇక పెరగదు, అంతే. కొత్త కొసలు వస్తూనే ఉంటాయి కాబట్టి తీగకు ఇది పెద్ద నష్టం కాదు. అమెరికా జాతుల్లో చాలావాటి మీద ఈ కొక్కేలు కనిపిస్తాయి. అదే పురుగు ముదురు వేరు మీద, వేలెడు లావు వేరు మీద గుచ్చితే బెరడులో గుండ్రటి బుడిపె లేస్తుంది. ఇది ట్యూబరోసిటీ. ఐరోపా ద్రాక్ష అయిన వినిఫెరా వేరులో ఈ బుడిపె లోపలిదాకా పోతుంది, పగులుతుంది, పగులు గుండా నేలలోని శిలీంధ్రాలు దూరి వేరంతా కుళ్లిపోతుంది. నిజానికి తీగను చంపేది పురుగు కన్నా ఎక్కువగా ఈ కుళ్లే. రైపేరియా, రుపెస్ట్రిస్ లాంటి అమెరికా జాతుల్లో గాయం కిందనే బెండు పొర ఒకటి ఏర్పడి బుడిపెను వేరు నుంచి వేరుచేస్తుంది. బుడిపె ఎండి పెచ్చులా ఊడిపోతుంది. పురుగు తిన్నది, వేరు మిగిలింది.

ఇంకో తమాషా ఏమిటంటే వినిఫెరా ఆకుల మీద ఈ పురుగు సాధారణంగా బుడిపెలు కట్టలేదు, రైపేరియా ఆకుల మీద ధారాళంగా కడుతుంది. అంటే అమెరికా తీగ ఆకు దగ్గర బలహీనం, వేరు దగ్గర గట్టిది. ఐరోపా తీగ ఆకు దగ్గర గట్టిది, వేరు దగ్గర బలహీనం. అంటుకట్టడంలోని కీలకమంతా ఇదే. కింద అమెరికా వేరు, పైన ఐరోపా ఆకు. ‘ఈ జాతి నిరోధకం’ అని మొత్తం తీగకు కలిపి చెప్పే వాక్యం ఇక్కడే తడబడుతుంది. ఏ భాగం అని అడగాలి.

నేల సంగతీ ఉంది. దక్షిణ ఫ్రాన్సులో ఏగ్ మోర్త్ చుట్టుపక్కల సముద్రతీరపు ఇసుకలో వినిఫెరా తన సొంత వేళ్ల మీదే బతికింది. సన్నటి ఇసుక రేణువుల మధ్య పురుగు కదలలేదు. అక్కడ నిరోధకత తీగలో లేదు, ఇసుకలో ఉంది. పోర్చుగల్ కొలారిస్‌లోనూ అంతే.

1880ల చివరికి ఈ అనుభవాలన్నీ ఒక చోటికి చేరాయి. 1887లో పియేర్ వియాలాను ఫ్రెంచి ప్రభుత్వం అమెరికా పంపింది. సున్నపు నేలల్లో పాలిపోకుండా బతికే జాతి కావాలి. టెక్సస్‌లోని డెనిసన్‌లో ద్రాక్ష పెంపకందారు టి. వి. మన్సన్ ఆయనకు బెర్లాండియేరీ జాతిని చూపించాడు. తర్వాత వియాలా, లూయీ రవాజ్ కలిసి అమెరికా తీగల మీద రాసిన పుస్తకంలో రెండు పనులు చేశారు. ఒకటి, నేలకు సరిపడటాన్ని నిరోధకత నుంచి విడదీసి ‘అడాప్టేషన్’ అని దానికి ప్రత్యేక స్థానమిచ్చారు. క్లింటన్ చావులో ఈ రెండూ కలిసిపోయి ఉన్నాయి కాబట్టి ఇది చాలా మంచి పని. రెండోది, ఫిలోక్సెరా నిరోధకతకు ఫ్రెంచి బడి పద్ధతిలో 20కి మార్కులు వేశారు. రైపేరియా, రుపెస్ట్రిస్ పై మెట్లలో, వినిఫెరా అట్టడుగున.

నా దృష్టిలో ఈ మార్కులు మేలు ఎంత చేశాయో కీడూ అంత చేశాయి. రైతుకు ఒక అంకె దొరికింది, నాటే ముందు పోల్చుకోవడానికి వీలు కలిగింది. కానీ ఆ అంకె తీగకు పుట్టుమచ్చలా శాశ్వతమన్న భావన కూడా దాంతోనే వచ్చింది. ఆ మార్కులు వేసింది ఆనాటి ఫ్రాన్సులో ఉన్న పురుగును చూసి. పురుగు మారితే మార్కులు మారతాయన్న సంగతి పట్టికలో ఎక్కడా కనపడదు.

ఆ పట్టికలో మధ్యస్థంగా నిలిచిన తీగల్లో ఒకదాని కథ వేరే చెప్పుకోవాలి. వార్ ప్రాంతంలో విక్టర్ గాంజాన్ 1879లో అరామోన్ అనే వినిఫెరా రకాన్ని రుపెస్ట్రిస్‌తో సంకరం చేశాడు. అరామోన్ రుపెస్ట్రిస్ గాంజాన్ నంబర్ 1, పొట్టిగా ఏఎక్స్ఆర్1. సగం రక్తం వినిఫెరాదే కాబట్టి వేరు పురుగుకు పూర్తిగా అడ్డుకాదని మొదట్నుంచీ అనుమానమే. ఫ్రాన్సులో, సిసిలీలో, దక్షిణాఫ్రికాలో ఇది నిలవలేదు. కాలిఫోర్నియా ప్రయోగ తోటల్లో మాత్రం దశాబ్దాల పాటు భేషుగ్గా నిలిచింది. అంటు తేలిగ్గా పట్టేది, రకరకాల నేలల్లో పెరిగేది, కాపు బాగా ఇచ్చేది. డేవిస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం దాన్ని సిఫారసు చేసింది, నాపా, సొనోమా లోయల్లో అధిక భాగం తోటలు దానిమీదే లేచాయి.

ఆ తర్వాత నాపాలో కొన్ని తోటల్లో మళ్లీ తీగలు ఎండే ఆ పాత వలయాలు కనపడ్డాయి. డేవిస్ కీటక శాస్త్రవేత్త జెఫ్రీ గ్రానెట్ బృందం ఆ తోటల పురుగును తెచ్చి ఏఎక్స్ఆర్1 వేళ్ల మీద పెంచి చూస్తే అది మామూలు పురుగు కన్నా ఎన్నో రెట్లు వేగంగా పెరిగింది. 1983 నాటికి తేలిన ఈ కొత్త రకాన్ని బయోటైపు బి అన్నారు. పాతది బయోటైపు ఎ అయింది. విశ్వవిద్యాలయం సిఫారసు ఆపేసరికి 1989 వచ్చింది. తోటలు పీకి మళ్లీ నాటడానికి అయిన ఖర్చును వంద కోట్ల డాలర్ల స్థాయిలో అంచనా వేశారు.

దీన్ని ‘నిరోధకత విరిగిపోయింది’ అని వర్ణించడం అలవాటు. ఈ వర్ణన నాకు నచ్చదు. ఏఎక్స్ఆర్1 వేరు 1960లో ఎలా ఉందో 1983లోనూ అలాగే ఉంది. మారింది పురుగు, లేదా పురుగుల్లో ఎవరిది పైచేయి అన్నది. కీటక శాస్త్రంలో దీనికి సరిపడా పదజాలం ఈ ఉపద్రవానికి ముప్పై ఏళ్ల ముందే ఉంది. 1951లో కాన్సస్‌కు చెందిన రెజినాల్డ్ పెయింటర్ పంటల్లో కీటక నిరోధకత మీద రాసిన పుస్తకంలో దాన్ని మూడు పాయలుగా విడదీశాడు: మొక్క పురుగుకు రుచించకపోవడం, మొక్కను తిన్న పురుగు చావడమో, సరిగా పెరగకపోవడమో, పురుగు తిన్నా మొక్క తట్టుకోవడం. మొదటిదానికి కోగన్, ఆర్ట్‌మన్ 1978లో ‘యాంటీజెనోసిస్’ అని పేరు మార్చారు. రెండోది యాంటీబయోసిస్, మూడోది టాలరెన్స్. పందొమ్మిదో శతాబ్దపు ఫ్రెంచివాళ్లు మెచ్చుకున్నదాంట్లో సింహభాగం ఈ మూడోదే. మూడోదాంట్లో పురుగు బతికే ఉంటుంది, తోటలో మంద పెరుగుతూనే ఉంటుంది. మందలో కాస్త దూకుడైనది పుడితే దానికి ఎదురు లేదు.

మన వరి రైతుకు ఇది కొత్తేమీ కాదు. ఉల్లికోడు బయోటైపుల పటం తెలుగు జిల్లాల మీదే గీయవచ్చు: జగిత్యాల వైపు 3, శ్రీకాకుళం వైపు 4, వరంగల్‌లో 4ఎం. ఫల్గుణ వరిలోని నిరోధక జన్యువు ఒక చోట పనిచేసి, ఉత్తరాంధ్రలో బయోటైపు 4 ముందు చేతులెత్తేసింది. వరి మూడు నాలుగు నెలల పంట, రకం మార్చేయొచ్చు. ద్రాక్ష ముప్పై ఏళ్ల పందెం.

ఇప్పటి పరిశోధన ‘బయోటైపు’ అన్న మాటను కూడా నిలదీసింది. కాలిఫోర్నియా పురుగుల జన్యు పరీక్షల్లో ఎ, బి అనే రెండు తెగలు శుభ్రంగా విడిపోలేదు. బి లాంటి స్వభావం ఒక్క చోటనుంచి వచ్చినట్టు లేదు. ఆస్ట్రేలియాలో, 1877లో జీలాంగ్ దగ్గర మొదట కనపడ్డ చోటినుంచి మొదలుపెట్టి, విక్టోరియా రాష్ట్రంలో పదుల కొద్దీ జన్యు వంశాలు గుర్తించారు. జి1, జి4 లాంటి ఒక్కో వంశం ఒక్కో రూట్‌స్టాక్ మీద ఒక్కోలా నడుచుకుంటుంది. 2016లో ఫోర్నెక్, పవెల్, వాకర్ బయోటైపులను ఎ నుంచి జి దాకా వర్గీకరించి, ఏ తీగ ఏ భాగం మీద, ఏ పద్ధతిలో పరీక్షించాలో నియమాలు ప్రతిపాదించారు. నిరోధకత గురించి రాసేవాళ్లు ముందు పురుగు పేరు చెప్పాలన్నది ఆ ప్రతిపాదన సారం. నూట నలభై ఏళ్లు ఆలస్యంగానైనా సరైన చోటికి వచ్చారు.

మరోవైపు అసలు సోకని తీగ కోసం వేట కూడా ఫలించింది. జర్మన్ శాస్త్రవేత్త కార్ల్ బోర్నెర్ సినేరియా జాతికి చెందిన ‘ఆర్నాల్డ్’ తీగ మీద పురుగు నిలవదని గుర్తించాడు. పురుగు గుచ్చిన చోట కణాలు వెంటనే చచ్చి చిన్న నల్లమచ్చగా మిగులుతాయి, బుడిపె లేవదు, పురుగుకు తిండి దొరకదు. దాన్ని రైపేరియాతో కలిపి గైజెన్‌హైమ్‌లో తయారుచేసిన రూట్‌స్టాక్‌కు ఆయన పేరే పెట్టారు. ఈ గుణాన్నిచ్చే ప్రధాన జన్యు స్థానం ఆర్‌డీవీ1, ద్రాక్ష 13వ క్రోమోజోము మీద ఉందని 2009లో చూపారు. ఫ్రెంచివాళ్లు మొదట ఇమ్యూనిటే అన్నదానికి దగ్గరగా వచ్చింది ఇదే. అయితే ఒక్క జన్యువు కాపలా మీద ఎంత భరోసా పెట్టుకోవాలి? 2020లో అచ్చయిన ఫిలోక్సెరా జన్యుపటంలో మొక్క రక్షణను ఏమార్చే ప్రోటీన్లకు చెందినవిగా భావిస్తున్న జన్యువులు వేలల్లో తేలాయి. అంత పెద్ద ఆయుధశాల ఉన్న పురుగు ఒక్క తాళాన్ని ఎప్పటికీ తీయలేదని నేనైతే పందెం కాయను. ఓర్పునూ దీన్నీ కలిపి ఒకే వేరులో పెట్టాలన్న వాదన నాకు ఎక్కువ సబబుగా తోస్తుంది.

భారత ద్రాక్ష తోటల్లో ఈ పురుగు లేదు. అనాబ్-ఎ-షాహి కాలపు హైదరాబాదు తోటలు సొంత వేళ్ల మీదే నడిచాయి. తర్వాత నీటి ఎద్దడి, ఉప్పు నీళ్లు, వేరుబుడిపె నులిపురుగులు ముదిరి రూట్‌స్టాకులు అవసరమయ్యాయి. మహారాష్ట్రలో, తెలంగాణలో ఎక్కువగా నాటింది డాగ్‌రిడ్జ్. టెక్సస్‌లోని ఒక కొండవరుస పేరు అది, చాంపినీ జాతి తీగ. నులిపురుగులకు, ఉప్పుకు మంచిదని తెచ్చారు, ఆ పని చేసింది కూడా. దాని గురించి నర్సరీవాళ్లు చెప్పే ‘నిరోధకత’ ఆ రెంటికి సంబంధించినదే. ఫిలోక్సెరాకు ఎదురుగా చాంపినీ తీగల వేరుకు ప్రపంచ పట్టికల్లో పడే మార్కు మధ్యస్థం, అదీ అక్కడి వంశాల మీద చూసింది. కాబట్టి మొక్కలు దిగుమతి చేసేటప్పుడు క్వారంటైన్‌లో ఆకులను మాత్రమే తిప్పి చూసి, వినిఫెరా ఆకు మీద బుడిపె లేదు కదా అని సంతకం పెడితే అది ఈ పురుగు విషయంలో పరీక్షే కాదు. చూడాల్సింది వేరు కొసలు.